చిప్‌ట్యూన్ ట్రాకర్ మార్గదర్శినులు – లక్ష్య లక్షణ సంబంధం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సంగీత, సాహిత్య శాస్త్రాలలో లక్ష్యం, లక్షణం అనే విభజన ప్రసిద్ధమైనది. సాధారణంగా ముందు లక్ష్యం పుడుతుంది. దాని నడకను పరిశీలించి లక్షణకారుడు శాస్త్రం రచిస్తాడు. లక్షణం రాకపోయినా లక్ష్యం నిలుస్తుంది. అయితే దానిని చదివే పద్ధతి గురుముఖానికే పరిమితమవుతుంది. గురుపరంపర తెగిన చోట రచన మిగిలి, దానిని విప్పే తాళంచెవి పోతుంది. 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో, ఐరోపాలోని గృహ కంప్యూటర్ల మీద రూపొందిన ఒక సంగీత రచనా పద్ధతి ఈ సమస్యను తక్కువ కాలంలోనే ఎదుర్కొంది. దాని పేరు ట్రాకర్.

ట్రాకర్ అనేది కంప్యూటరు మీద సంగీతం రచించే సాధనం. ఇందులో స్వరాలు పై నుంచి కిందికి సాగుతాయి. ఒక్కొక్క నిలువువరుస ఒక్కొక్క ధ్వనిమార్గం. ఒక్కొక్క అడ్డువరుస ఒక కాలఖండం. ప్రతి గడిలో స్వరం పేరు, వాద్యం సంఖ్య, ఆ స్వరాన్ని ఎలా పలికించాలో చెప్పే ఆదేశం ఉంటాయి. ఆ ఆదేశాలు సాధారణంగా ఒక అక్షరం లేదా అంకె, దాని వెంట రెండంకెల విలువగా ఉంటాయి. పాత కంప్యూటర్లు, ఆటల యంత్రాలలోని ధ్వని చిప్పుల పలుకుబడిని ఆధారం చేసుకొన్న సంగీతానికి చిప్‌ట్యూన్ అని పేరు. ఈ సాధనాల వినియోగదారు మార్గదర్శినులు ఏ లోపంతో మొదలయ్యాయి, ఏ మార్గాలలో మెరుగుపడ్డాయి, ఆ మెరుగుదల ఎందుకు అవసరమైంది అనేవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

ట్రాకర్ల ఆవిర్భావం

1982లో వెలువడిన కమడోర్ 64 కంప్యూటరులో బాబ్ యానస్ రూపకల్పన చేసిన సిడ్ అనే ధ్వని చిప్పు ఉండేది. దానికి మూడు ధ్వనిమార్గాలు. దానిపై సంగీతం సమకూర్చదలచిన వారిలో చాలామంది యంత్రభాషను ఆశ్రయించవలసి వచ్చేది. 1986లో జర్మన్ పత్రిక ‘64ఎర్’, క్రిస్ హ్యూల్స్‌బెక్ రచించిన సౌండ్‌మానిటర్ అనే ప్రోగ్రామును అచ్చు పాఠంగా ప్రచురించింది. పాఠకులు దానిని తమ యంత్రాలలో టైపు చేసుకొని వాడుకున్నారు.

1987లో కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అమిగా కంప్యూటరు కోసం అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్‌ను రూపొందించాడు. అమిగాలోని పౌలా చిప్పుకు నాలుగు ధ్వనిమార్గాలు ఉండటం వల్ల ఈ ట్రాకర్‌కూ నాలుగు నిలువువరుసలే ఏర్పడ్డాయి. ఒక ప్యాటర్న్‌కు 64 అడ్డువరుసలు. వాణిజ్యపరంగా ఇది ఆదరణ పొందలేదు. అయినా ఇతరులు ఈ ప్రోగ్రామును విప్పి, సవరించి, తమ రూపాంతరాలను వెలువరించారు. 1989లో స్వీడన్ నుంచి నాయిస్‌ట్రాకర్, 1990లో నార్వే నుంచి ప్రోట్రాకర్ వచ్చాయి. 1994లో ఫిన్‌లాండ్‌కు చెందిన ఫ్యూచర్ క్రూ బృందం స్క్రీమ్ ట్రాకర్ 3ను, స్వీడన్‌కు చెందిన ట్రైటన్ బృందం ఫాస్ట్‌ట్రాకర్ 2ను పీసీ కంప్యూటర్లకు అందించాయి. 1995లో ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ లిమ్ ఇంపల్స్ ట్రాకర్‌ను వెలువరించాడు.

ఈ పరిణామంలో గమనించదగినది ఒకటుంది. ప్రోగ్రాము చేతులు మారినప్పుడల్లా కొత్త ఆదేశాలు చేరాయి, పాతవి సవరణ పొందాయి. ఫ్లాపీ డిస్కుల మీద ప్రతులు వ్యాపించినంత సులభంగా వాటి వివరణ వ్యాపించలేదు. లిపి పెరిగింది, లిపికి వ్యాఖ్య అంతగా పెరగలేదు.

పాటే పాఠ్యగ్రంథం

వివరణ కొరవడినా ఈ విద్య వ్యాపించడానికి కారణం మాడ్యూల్ అనే ఫైలు స్వరూపం. మాడ్యూల్‌లో స్వరాలు, ఆదేశాలు, వాద్యధ్వనుల శాంపిళ్లు అన్నీ ఒకే చోట ఉంటాయి. దానిని ట్రాకర్‌లో తెరిస్తే రచయిత ఏ గడిలో ఏమి రాశాడో అంతా కనబడుతుంది. గాయకుడి ముద్రిత రికార్డు విన్నవానికి స్వరలిపి దొరకదు. మాడ్యూల్ విన్నవానికి స్వరలిపి ఎదుటే ఉంటుంది. ఒక మెలకువ నచ్చితే అది వచ్చిన అడ్డువరుస దగ్గర ఆగి, అక్కడి ఆదేశాన్ని తన పాటలోకి ఎత్తిరాసుకోవచ్చు. ఈ విధంగా పాటే పాఠ్యగ్రంథమైంది.

31 శాంపిళ్ల మాడ్యూల్‌లో ఒక్కొక్క శాంపిల్ పేరుకు 22 అక్షరాల చోటు ఉంటుంది. మొత్తం 682 అక్షరాలు. రచయితలు ఈ చోటును శాంపిల్ పేర్లకు బదులు స్వీయ పరిచయాలకు, మిత్రులకు శుభాకాంక్షలకు వినియోగించుకున్నారు. తాళపత్ర ప్రతుల చివరి గద్యలు ఏ పని చేశాయో ఈ పేర్ల వరుసలు ఇంచుమించు ఆ పనే చేశాయి.

ఈ అధ్యయన పద్ధతికి పరిమితి ఉంది. పాట ‘ఏమి’ రాశారో చూపుతుంది. ‘ఎందుకు’ అన్నది చూపదు. ప్రోట్రాకర్‌లో వేగాన్ని మార్చకపోతే ఒక్కొక్క అడ్డువరుస ఆరు టిక్కుల కాలం సాగుతుంది; లయ 125గా ఉంటుంది. ఈ 125 ఎక్కడిది? ఐరోపా టెలివిజన్ పద్ధతిలో తెర సెకనుకు 50 సార్లు మారుతుంది. తొలి ట్రాకర్లు ఆ స్పందననే కాలప్రమాణంగా తీసుకున్నాయి. సెకనుకు 50 టిక్కులంటే నిమిషానికి 3000. అడ్డువరుసకు ఆరు టిక్కులు, నాలుగు అడ్డువరుసలకు ఒక దెబ్బ అనుకొంటే దెబ్బకు 24 టిక్కులు. 3000ను 24తో భాగిస్తే 125. ఈ లెక్క తెలిసినవానికి వేగం, లయ అనే రెండు సంఖ్యల సంబంధం సుబోధం. తెలియనివానికి అది కంఠస్థం చేయవలసిన సంఖ్య మాత్రమే.

ధ్వనిస్థాయిని క్రమంగా తగ్గించే ‘ఎ’ ఆదేశం ఇటువంటిదే. దీని విలువ 1 అయితే అడ్డువరుసలో ధ్వని ఒక్క మెట్టు తగ్గుతుందని కొత్త వినియోగదారు భావించడం సహజం. నిజానికి ఈ మార్పు మొదటి టిక్కును విడిచి మిగిలిన ప్రతి టిక్కులోనూ జరుగుతుంది. వేగం 6 అయితే ఐదు మెట్లు, వేగం 3 అయితే రెండు మెట్లు తగ్గుతాయి. వేగం మార్చగానే పాటలోని మెలకువలన్నీ ఎందుకు మారిపోయాయో ఆదేశాల జాబితా ఒక్కటే చెప్పలేదు.

ఒకే అక్షరం, భిన్నార్థాలు

ట్రాకర్లు అనేకమైన తరువాత సమస్య జటిలమైంది. ప్రోట్రాకర్‌లో ‘సి’ ధ్వనిస్థాయిని నిర్ణయించే ఆదేశం. స్క్రీమ్ ట్రాకర్ 3లో అదే ‘సి’ ప్రస్తుత ప్యాటర్న్‌ను ముగించి తరువాతి దానికి పోవాలని చెబుతుంది. ప్రోట్రాకర్‌లో ‘ఎఫ్’ వేగాన్ని నియంత్రిస్తుంది. స్క్రీమ్ ట్రాకర్ 3లో స్వరాన్ని పైకి జారుస్తుంది. ఫాస్ట్‌ట్రాకర్ 2 ప్రోట్రాకర్ సంప్రదాయాన్ని, ఇంపల్స్ ట్రాకర్ స్క్రీమ్ ట్రాకర్ సంప్రదాయాన్ని అనుసరించాయి. ఆ విధంగా ఈ లిపిలో రెండు శాఖలు స్థిరపడ్డాయి.

ఒకే ప్రోగ్రాములోనూ నియమం ఏకరూపంగా లేదు. ప్రోట్రాకర్ విలువలు పదహారు ఆధారంగా గల సంఖ్యా పద్ధతిలో ఉంటాయి; అందులో ‘10’ అంటే పదహారు. కాని ప్యాటర్న్‌ను ముగించే ‘డి’ ఆదేశం విలువను మాత్రం సామాన్య దశాంశ పద్ధతిలో చదవాలి. అక్కడ ‘10’ అంటే పదే. ‘ఎఫ్’ ఆదేశంలో విలువ 32 కంటే తక్కువైతే అది అడ్డువరుసకు టిక్కుల సంఖ్య. 32 గాని, అంతకు మించి గాని అయితే అది లయ. అయితే ప్రోట్రాకర్‌లోనే తెర స్పందనను అనుసరించే మరొక కాలపద్ధతి ఉంది. ఆ పద్ధతిలో పెద్ద విలువ కూడా టిక్కుల సంఖ్యే. ఏ పద్ధతిలో రాశారో మాడ్యూల్ ఫైలు చెప్పదు. కనుక ఒక పద్ధతిలో రచించిన పాటను మరొక పద్ధతిలో వాయిస్తే గమనమే మారిపోతుంది. అక్షరాలన్నీ యథాతథంగా ఉండి పాట పాడైపోవడమంటే ఇదే. పాఠపరిష్కర్తలకు ఈ స్థితి అపరిచితం కాదు.

మార్గదర్శినులు మెరుగుపడిన తీరు

ఈ సమస్యకు సమాధానంగా వచ్చిన రచనలను నాలుగు విధాలుగా గుర్తించవచ్చు.

మొదటివి సాంకేతిక పత్రాలు. స్క్రీమ్ ట్రాకర్ 3, ఫాస్ట్‌ట్రాకర్ 2, ఇంపల్స్ ట్రాకర్ మూడింటికీ ఫైలులో ఏ సమాచారం ఎక్కడ ఉంటుందో తెలిపే పాఠాలు వెలువడ్డాయి. ఇవి ప్రోగ్రాము రాసేవారికి ఉద్దేశించినవి. మాడ్యూల్‌ను వాయించే ప్రోగ్రామును ఎలా రాయాలో ‘ఫైర్‌లైట్’ అనే పేరుతో బ్రెట్ పాటర్సన్ రచించిన పాఠాలు కూడా ఈ కోవలోనివే. ఇవి స్వరకర్త కోసం రాసినవి కాకపోయినా, ఆదేశం టిక్కు టిక్కుకూ ఏమి చేస్తుందో వివరించడం ద్వారా లక్షణ రచనకు పునాది వేశాయి.

రెండవవి సాధనంలోనే ఇమిడిన వివరణలు. 2000లో స్వీడన్‌కు చెందిన యోహాన్ కొట్లిన్‌స్కీ గేమ్ బాయ్ ఆటల యంత్రం కోసం లిటిల్ సౌండ్ డీజే అనే ట్రాకర్‌ను రూపొందించాడు. అరచేతిలో ఇమిడే తెర, కొద్దిపాటి మీటలు గల ఈ యంత్రంలో ఒక ఆదేశం దగ్గర మీటను రెండుసార్లు నొక్కితే దాని వివరణ తెర పైభాగంలో కదులుతూ కనబడుతుంది. సందేహం పుట్టిన చోటే సమాధానం దొరుకుతుంది.

మూడవవి యంత్రస్వభావాన్ని వివరించేవి. 2005లో వెలువడిన ఫామిట్రాకర్ నింటెండో ఆటల యంత్రపు ధ్వని చిప్పుకు ఉద్దేశించినది. ఆ చిప్పులో రెండు చతురస్ర తరంగ మార్గాలు, ఒక త్రిభుజ తరంగ మార్గం, ఒక రొద మార్గం, ఒక శాంపిల్ మార్గం ఉంటాయి. త్రిభుజ మార్గానికి ధ్వనిస్థాయిని మార్చే వీలు చిప్పులోనే లేదు; అది మోగుతుంది, లేదా మౌనంగా ఉంటుంది. ఈ సంగతి తెలియని వినియోగదారు అక్కడ ఎన్ని విలువలు రాసినా ఫలితం కనబడక, ప్రోగ్రాములో దోషముందని భావిస్తాడు. ఇటువంటి చోట ఆదేశపు అర్థం చెప్పడం కంటే యంత్రపు హద్దు చెప్పడం ముఖ్యం.

నాలుగవవి ఉదాహరణ ప్రధానమైనవి. 1997లో ఒలివియే లాపిక్ ప్రారంభించిన మాడ్‌ప్లగ్ ట్రాకర్ నుంచి రూపొందిన ఓపెన్‌ఎంపీటీ పాత ట్రాకర్ల ప్రవర్తనను తెలిపేందుకు చిన్న చిన్న పరీక్షా మాడ్యూళ్లను సమకూర్చింది. ఒక్కొక్కటి ఒక్కొక్క సూక్ష్మ విషయానికి పరిమితం. పాత ట్రాకర్ దానిని ఎలా వాయించేదో మాటలలో వివరించి, వినిపించి సరిచూసుకొనే అవకాశం కల్పించడం ఇందులోని విశేషం. సూత్రం, ఉదాహరణ కలిసి సాగే లక్షణగ్రంథ పద్ధతికి ఇది సన్నిహితం.

తెలుగు సంగీత లక్షణ రచనతో పోలిక

చిహ్నాలతో సంగీతాన్ని రాయడం, ఆ చిహ్నాలకు వివరణ ఇవ్వడం తెలుగు పాఠకులకు కొత్త విషయాలు కావు. సుబ్బరామ దీక్షితులు తెలుగులో రచించి 1904లో ఎట్టయపురంలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఇందుకు ప్రముఖ నిదర్శనం. ఆ గ్రంథంలో గమకాలకు ప్రత్యేక చిహ్నాలున్నాయి. కృతుల స్వరలిపికి ముందే వాటి వివరణ ఉంది. గురుముఖతః మాత్రమే అందే పలుకుబడిని, గురువును చూడని పాఠకునికి అందించాలన్న సంకల్పం అక్కడ స్పష్టం.

ఆ చిహ్నాల ఎంపిక కూడా గమనార్హం. జారుకు ఏటవాలు గీత, కంపితానికి అలల గీత. చిహ్నం చూడగానే స్వరగతి స్ఫురిస్తుంది. ట్రాకర్లలో స్వరాన్ని పైకి జార్చే ఆదేశం ఒక చోట ‘1’, మరొక చోట ‘ఎఫ్’. ఈ చిహ్నాలకూ స్వరగతికీ సహజ సంబంధం లేదు. అందువల్ల ఇక్కడ వివరణ భారమంతా మార్గదర్శినిపైనే పడుతుంది. తెలుగులో ఇటువంటి మార్గదర్శిని రచించదలచినవారికి జారు, కంపితం వంటి పదాలు సిద్ధంగా ఉన్నాయి. అయితే కంపితం రాగాశ్రితమైనది. ట్రాకర్‌లోని స్వరకంపనం నిర్ణీత వేగం, లోతు గల యాంత్రిక చలనం. పదాన్ని గ్రహిస్తూనే ఈ భేదాన్ని నిర్వచించడం అవసరం.

ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేటపడుతున్నాయి. ట్రాకర్ మార్గదర్శినులలోని ప్రధాన లోపం సమాచారం కొరవడటం కాదు, సమాచారాన్ని అమర్చిన క్రమం. ఆదేశాలను అక్షరక్రమంలో పేర్చడం ప్రోగ్రాము కర్తకు అనుకూలం. స్వరకర్త మాత్రం తాను వినదలచిన ధ్వని నుంచి ఆదేశానికి చేరుకుంటాడు. కనుక మెరుగైన మార్గదర్శిని ముందు చిప్పు స్వభావాన్ని, తరువాత కాలప్రమాణాన్ని, ఆపైన ధ్వని ప్రయోజనాన్ని బట్టి వర్గీకరించిన ఆదేశాలను వివరించాలి. ప్రతి ఆదేశానికీ తెరిచి వినదగిన చిన్న ఉదాహరణ ఉండాలి. ఏ ట్రాకర్, ఏ రూపాంతరానికి ఆ వివరణ వర్తిస్తుందో పేర్కొనాలి. ఇతర సంప్రదాయాలలో అదే అక్షరానికి గల భిన్నార్థాన్ని సూచించాలి.

తొలి ట్రాకర్లు నడిచిన అమిగా యంత్రాల తయారీ ఎప్పుడో నిలిచిపోయింది. నేడు ఆ మాడ్యూళ్లను ఎక్కువగా ఇతర యంత్రాలపై, ఇతర ప్రోగ్రాములతో వింటున్నారు. ఆ ప్రోగ్రాములు సరిగా వాయిస్తున్నాయో లేదో నిర్ణయించడానికి ప్రమాణం కావాలి. తొలి తరానికి మార్గదర్శిని అభ్యాస సాధనం మాత్రమే. తరువాతి తరాలకు అదే పాఠనిర్ణయ ప్రమాణం. అందుచేత దానిని మెరుగుపరచడం సాఫ్ట్‌వేర్‌కు అనుబంధమైన చిన్న పని కాదు. రచనలోని ప్రతి అక్షరం భద్రంగా ఉన్నప్పుడు కూడా దాని సంగీతం నశించగలదని తెలిసినవారు చేయవలసిన పరిష్కరణ కార్యం అది.