తెల్లదోమ వచ్చిన ఏళ్లు

క్రీ.శ. 848 నాటిదని చెప్పే అద్దంకి పండరంగని శాసనం తెలుగు పద్యానికి తొలి సాక్ష్యాల్లో ఒకటి. అందులో దేవుడికి ఇచ్చిన భూమిని పుట్లలో లెక్కగట్టారు. పుట్టి ధాన్యపు కొలత. నేలను దాని మీది పైరుతో కలిపే చూసేవారన్నమాట. అద్దంకి చేల కథను ఇప్పటికీ అలాగే చదవాలి.

ఎండాకాలంలో ఇక్కడి నల్లరేగడి నోళ్లు తెరుస్తుంది. పగులులోకి చేతికర్ర దించితే మూరెడు దిగిపోతుంది. ఈ బంకమన్ను తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పైమట్టి పగుళ్లలోకి రాలుతుంది, తొలకరికి అవి పూడుకుంటాయి. రేగడి తనను తానే దున్నుకుంటుందని అనడం అందుకే. వానలు వెనక్కి తగ్గాక కూడా తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి జొన్న, శనగ ఆ తడి మీదే పండేవి. జొన్న చొప్ప తిని ఒంగోలు జాతి పశువులు పెరిగాయి. వాటి పేడ మళ్లీ చేలకే చేరింది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. తర్వాత కుడి కాలువ కింద అద్దంకి బ్రాంచి కాలువ పారింది. ఇంకోవైపు గుంటూరు, ప్రకాశం రేగళ్లలో జొన్న తగ్గి, పొడుగు పింజ పత్తి పెరిగింది. ఎకరాల కొద్దీ ఒకే పైరు, ఒకే ఈడు ఆకు. పురుగుకు అంతకంటే ఏం కావాలి?

1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట కాయతొలిచే పురుగు చచ్చింది. దానితో పాటు అక్షింతల పురుగులు, సాలీళ్లు, పరాన్నజీవి కందిరీగలూ చచ్చాయి. వాటికి ఆహారంగా ఉన్న తెల్లదోమకు అడ్డు లేకుండా పోయింది. బెట్ట వాతావరణం కూడా దానికే కలిసొచ్చింది.

ఆకు తిప్పి చూస్తే అడుగున పిండి చల్లినట్టు తెల్లని చుక్కలు. కదిలిస్తే గుంపుగా లేచేవి. దోమ రసం పీల్చి విసర్జించే తీపి జిగట కింది ఆకుల మీద, విచ్చిన దూది మీద పడేది. ఆ జిగట మీద మసిలాంటి బూజు పట్టి తెల్లటి పత్తి నల్లబడేది. రైతు మళ్లీ మందు కొట్టేవాడు, మందుకోసం మళ్లీ అప్పు చేసేవాడు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటినీ కలచివేశాయి. ఆ చావులకు దోమ ఒక్కటే కారణం కాదు. అప్పు, ధర, కౌలు కూడా తోడయ్యాయి.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అది కాయతొలిచే పురుగుల కోసం చేసినది, రసం పీల్చే వాటిని ఆపలేదు. పత్తి తర్వాత మిరప వంతు వచ్చింది. 2021-22లో దాని పూతలో నల్ల తామర పురుగు చేరింది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి గుర్తించిన ఈ విదేశీ పురుగు, ఇక్కడ పూలను రాల్చేసింది. ఎన్నో తోటలను రైతులే దున్నేశారు.

ఇప్పుడు శాస్త్రవేత్తలు మిరప చేను చుట్టూ రెండు మూడు వరుసల జొన్నో మొక్కజొన్నో వేయమంటున్నారు. ఎగిరొచ్చే పురుగుకు అది అడ్డం, అక్షింతల పురుగుకు ఇల్లు. ఈ నేలకు జొన్న కొత్త కాదు. వచ్చే ఖరీఫ్‌లో మిరప నారు పోసే రైతులు, మందు సీసాకంటే ముందు ఆ గింజలను ఇంటికి తెచ్చుకోవాలి.