బ్లూస్ గిటార్‌పై సుషిర వాద్యాల ప్రభావం

బ్లూస్ గిటార్‌లో స్వరాలను మాటల్లా విరిచి, ఆపి, పలికించే తీరును ఫ్రేజింగ్ అంటారు. అమెరికాలో 1920ల నుంచి 1950ల దాకా ఇది రూపుదిద్దుకోవడంలో ట్రంపెట్, సాక్సోఫోన్ వంటి సుషిర వాద్యాలది పెద్ద పాత్ర. ఊదేవాడు ఊపిరి కోసం ఆగక తప్పదు. గిటార్‌కు ఆ నిర్బంధం లేదు కనుక ఆ విరామాన్ని గిటారిస్టులు విని నేర్చుకున్నారు.

తొలి దశ

న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన లానీ జాన్సన్ వయొలిన్ కూడా వాయించేవాడు. గిటార్‌ను తాళానికీ కార్డులకూ (స్వర సమూహాలకూ) పరిమితం చేయకుండా ఒంటి స్వరాలతో సోలోలు నడిపిన తొలితరం వారిలో అతడొకడు. 1927 డిసెంబరులో షికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందంతో కలిసి ‘హాటర్ దాన్ దట్’ రికార్డు చేశాడు. అందులో ఒకచోట బృందమంతా ఆగిపోతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ తన ట్రంపెట్ నడకలోనే మాటల్లేకుండా ఒక సంగతి పాడితే, గిటార్ దానికి జవాబిస్తుంది.

ఎలక్ట్రిక్ గిటార్

మామూలు గిటార్‌పై మీటిన స్వరం త్వరగా అణగిపోయేది, బ్యాండు హోరులో వినిపించేదీ కాదు. 1936లో గిబ్సన్ సంస్థ ఈఎస్-150 తెచ్చింది. ఇలాంటి ఎలక్ట్రిక్ గిటార్లతో ఒంటి స్వరానికి నిలకడ వచ్చింది. ఓక్లహామా సిటీలో పెరిగిన చార్లీ క్రిస్టియన్ (1916–1942) ఈఎస్-150పై టెనర్ సాక్సోఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ ధోరణిని పలికించాడు. బిస్మార్క్ పట్టణంలో ఒక క్లబ్బు బయట నుంచి అతడి వాదన విన్న గిటారిస్టు మేరీ ఆస్బర్న్, లోపల మోగుతున్నది సాక్సోఫోనే అనుకుంది. 1939లో క్రిస్టియన్ క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు.

యుద్ధానంతర కాలం

టెక్సస్‌కు చెందిన గిటారిస్టు టీ-బోన్ వాకర్ స్వింగ్ బృందాల్లో పనిచేసి, 1947లో ట్రంపెట్, టెనర్ సాక్సోఫోన్ తోడుగా ‘కాల్ ఇట్ స్టార్మీ మండే’ రికార్డు చేశాడు. బి.బి. కింగ్ (1925–2015) జాన్సన్, క్రిస్టియన్, వాకర్‌లతో పాటు లెస్టర్ యంగ్‌నూ, సాక్సోఫోన్ వాయించే గాయకుడు లూయీ జోర్డాన్‌నూ శ్రద్ధగా విన్నాడు. పాడేటప్పుడు గిటార్ ఆపేవాడు. పాదం ముగిశాక అది అందుకునేది. 1999లో జోర్డాన్ పాటలతోనే ఒక ఆల్బమ్ చేశాడు.

వాదన విధానం

సాక్సోఫోన్ స్వరం తరచూ కింది నుంచి జారుతూ శ్రుతిని అందుకుంటుంది. గిటారిస్టు అదే పని తీగను పక్కకు లాగి చేస్తాడు. ఊదేవాడు నాలుకతో తట్టి మొదలుపెట్టి, మిగతా స్వరాలను ఆ ఊపిరిలోనే కలిపేస్తాడు. గిటార్‌పై మొదటి స్వరాన్ని మాత్రమే మీటి, తర్వాతివి ఎడమచేతి వేళ్లతో తట్టి, లాగి పలికిస్తారు. కింగ్ మణికట్టు ఊపుతో తెచ్చిన కంపనం ఈ శైలికి గుర్తు. బి-ఫ్లాట్, ఈ-ఫ్లాట్ శ్రుతులు హార్న్‌లకు (ట్రంపెట్, సాక్సోఫోన్ వంటివాటికి) అనువైనవి, కానీ వాటిలో గిటార్ ఖాళీ తీగలు అంతగా అక్కరకు రావు. అందుకే హార్న్ బృందాలతో వాయించేవారు మెడపై ఎక్కడికైనా జరిపే వేళ్ల అమరికలను వాడతారు.

సాధనలో సాక్సోఫోన్ సోలోను ముందు గొంతుతో పాడి, తర్వాత తీగలపై వెతుక్కుంటారు. ఊపిరి వదులుతూ వాయించి, అది అయిపోగానే చెయ్యి ఆపడం మరో పద్ధతి. రాబెన్ ఫోర్డ్ వంటి కొందరు చిన్నప్పుడు సాక్సోఫోన్ నేర్చుకుని, ఆ తర్వాతే గిటార్ పట్టారు.