పాత ఇంజిను.. చౌక బేరమేనా?
ధర కన్నా ముందు నంబరు చూడాలి

శ్రీకాకుళం, విజయనగరం: కారు ఇంజిను బోరు అరిగి పొగలు కక్కితే యజమానికి తోచే మొదటి మార్గం సెకండ్‌హ్యాండ్ ఇంజిను. కొత్త దానితో పోలిస్తే తక్కువ ధరకు వస్తుంది, రెండు మూడు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది. ఏపీ-30, ఏపీ-35 నంబర్లున్న పాత కార్లను అద్దెకు తిప్పుకుని బతికేవారు దీనికే మొగ్గు చూపుతారు. జాగ్రత్త పడకపోతే కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే అవుతుంది.

ఎక్కడి నుంచి వస్తాయి?
ప్రమాదాల్లో దెబ్బతిన్న, తుక్కుకు పోయిన వాహనాల నుంచి తీసిన ఇంజిన్లు విశాఖ, విజయవాడ ఆటోనగర్ల వంటి చోట్ల దొరుకుతాయి. వీటిలో ముంపునకు గురైన కార్లవి ఉంటే గుర్తించడం కష్టం. 2015 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో పెద్ద సంఖ్యలో వాహనాలు నీట మునిగాయి. సిలిండరులోకి నీరు చేరినప్పుడు స్టార్టు చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నీరు నిలిచిపోతే రింగులు, బేరింగులు తుప్పు పడతాయి. పైకి కడిగి రంగు వేస్తే ఇవేవీ కనిపించవు.

కొనే ముందు పరీక్ష
నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాలి. ఆయిలు మూత తీసి చూస్తే పాలు కలిపిన కాఫీ రంగు కనిపించిందంటే నీరు కలిసినట్లే. గేజీతో ప్రతి సిలిండరు కంప్రెషనూ చూడాలి. ఒకదానికీ మరొకదానికీ ఎక్కువ తేడా ఉంటే వదిలేయడం మేలు. వేడెక్కాక కూడా నీలి పొగ వస్తుంటే ఆయిలు మండుతున్నట్లు, తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంటు లోపలికి చేరుతున్నట్లు అనుమానించాలి. ఇంజిను మీటరుతో రాదు కనుక ‘తక్కువ తిరిగింది’ అనే మాటకు ఆధారం ఉండదు.

ధరతో ఖర్చు తీరదు
ఇంజిను ధరకు రవాణా, దించి ఎక్కించే కూలి, ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు తోడవుతాయి. టైమింగ్ బెల్టు, ఆయిలు సీళ్లు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, మౌంటింగులు అప్పుడే మార్చుకోకుంటే మళ్లీ విప్పాల్సి వస్తుంది. కంప్యూటర్ నియంత్రణ ఉన్న కార్లలో సెన్సర్లు, వైరింగు సరిపోకపోతే ఇంజిను స్టార్టే కాదు. ఈ లెక్కంతా వేసి, ఉన్న ఇంజినుకు రీబోరు చేయించడానికయ్యే ఖర్చుతో పోల్చాకే నిర్ణయించుకోవాలి.

సి-బుక్కులో మార్పు తప్పనిసరి
సి-బుక్కులో ఛాసిస్ నంబరుతో పాటు ఇంజిను నంబరు కూడా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షను ప్రకారం ఇంజిను మార్చడానికి రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. మార్చిన 14 రోజుల్లోగా తెలిపి, రుసుము చెల్లించి సి-బుక్కులో నమోదు చేయించాలి. అదే కంపెనీ, అదే రకం ఇంజిను అయితే చిక్కులు తక్కువ. 2019 సవరణ ప్రకారం నిబంధనలకు విరుద్ధంగా మార్పులు చేసే యజమానికి ఆరు నెలల వరకు జైలు, ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. నంబరు కలవకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సొమ్ముకూ పేచీ వస్తుంది. అందుకే బీమా సంస్థకూ లిఖితపూర్వకంగా తెలపాలి.

దొంగ సొత్తయితే..
నంబరు చెరిపేసిన, గీకి మళ్లీ పంచ్ చేసిన ఇంజినును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడదు. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. జాతీయ నేర గణాంకాల సంస్థ నిర్వహించే ‘వాహన్ సమన్వయ్’లో ఇంజిను నంబరుతో ఆరా తీయవచ్చు. ఇంజిను తీసిన బండి సి-బుక్కు నకలు, దాని రిజిస్ట్రేషన్ రద్దు పత్రం అడిగి తీసుకోవాలి.

బిల్లే ఆధారం
జీఎస్టీ బిల్లుపై ఇంజిను నంబరు, గ్యారంటీ గడువు, చెడితే మార్చి ఇస్తారా, సొమ్ము తిరిగి ఇస్తారా అన్నవి రాయించుకోవాలి. నోటి మాట నిలవదు. మోసపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. జీవనోపాధికి సొంతంగా టాక్సీ నడుపుకునేవారికీ ఈ హక్కు వర్తిస్తుంది. బిల్లు లేనివారికి మాత్రం కొన్నట్లు రుజువు చేసుకోవడమే మొదటి కష్టం.