కాన్పు ఘడియ ఎవరిది? గర్భస్థ శిశువు ఎరుక, ప్రసవారంభం: ఒక పరిశీలన

గర్భస్థ శిశువు ఎరుక గురించి తెలుగులో వచ్చిన వ్యాసాలు చాలావరకు కడుపులో ఉండగానే అభిమన్యుడు విన్న పద్మవ్యూహం దగ్గరే ఆగిపోయాయి. శాస్త్ర సాహిత్యం మరోచోట ఆగింది. పుట్టేదాకా శిశువు మెలకువలోకి రానే రాదని న్యూజిలాండ్‌కు చెందిన డేవిడ్ మెలర్ బృందం 2005లో వాదించింది. అడినోసిన్‌తో పాటు ప్రెగ్ననలోన్ వంటి స్టెరాయిడ్లు, వెచ్చదనం, తక్కువ ఆక్సిజన్ కలిసి ఆ మెదడును నిద్రలోనే ఉంచుతాయన్నారు. అప్పటినుంచి దాన్ని తుదితీర్పులా ఉటంకిస్తున్నారు. మెలకువ లేదు గనుక ఎరుక లేదు, ఎరుక లేదు గనుక కర్తృత్వమూ లేదు అని ఒక్కో మెట్టు దిగిపోవడమే నాకు అభ్యంతరం.

నిద్రలో ఉన్నది నేర్చుకోదా? 1986లో డికాస్పర్, స్పెన్స్ ప్రయోగంలో గర్భిణులు చివరి ఆరు వారాలు రోజూ ఒకే పిల్లల కథను పైకి చదివారు. చప్పరించే తీరునుబట్టి కథ వినిపించే ఏర్పాటు చేస్తే, పుట్టిన పసికందులు కొత్త కథకన్నా పాతదాన్నే కోరుకున్నారు. చదివే గొంతు మరో స్త్రీదైనా సరే. ఈ ఫలితాలు మెలర్ వాదనకన్నా చాలా ముందువి. వాటి బరువు ఆ వాదనలో సరిగా తూగలేదని నాకనిపిస్తుంది.

ఇక కర్తృత్వం, అంటే కాన్పును మొదలుపెట్టేది ఎవరన్నది. ఇక్కడ గొర్రెల మందలను నిదానంగా చూడాలి. అమెరికాలోని ఐడహోలో చూలు తొలిరోజుల్లో ఒక అడవి మొక్కను మేసిన గొర్రెల కడుపుల్లో ఒంటికన్ను పిల్లలు పెరిగాయి. వాటికి పీయూష గ్రంథి సరిగా లేదు. రోజులు నిండినా తల్లులు ఈనలేదు. ఆక్లాండ్‌లో గ్రాహమ్ లిగిన్స్ ఈ చిక్కుముడినే 1960లలో ప్రయోగశాలలో విప్పాడు. కడుపులోని పిల్ల పీయూష గ్రంథిని నాశనం చేస్తే, మామూలుగా 147 రోజులకు ఈనాల్సిన గొర్రె ఈనలేదు. పిల్లకు పీయూష గ్రంథి హార్మోన్ ఏసీటీహెచ్ గానీ కార్టిసాల్ గానీ ఎక్కిస్తే ముందే ఈనింది. పిల్ల అధివృక్క గ్రంథి నుంచి వచ్చే కార్టిసాల్ మాయలోని ఎంజైములను మారుస్తుంది. ప్రొజెస్టిరాన్ తగ్గి ఈస్ట్రోజన్ పెరుగుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు పుట్టి గర్భాశయం బిగుస్తుంది. గడువుకు ముందే పుట్టిన ఆ పిల్లల ఊపిరితిత్తులు గాలి నింపుకోవడం లిగిన్స్‌ను ఆశ్చర్యపరిచింది. 1972లో రాస్ హోవీతో కలిసి 282 మంది తల్లులపై జరిపిన పరీక్షను ప్రచురించాడు. నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లికి నేడు వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు మూలం అదే. కాన్పును మొదలుపెట్టే హార్మోనే ఊపిరితిత్తులనూ సిద్ధం చేస్తుందన్నది నా దృష్టిలో గత శతాబ్దపు ప్రసూతి శాస్త్రంలో అతి గొప్ప ఆవిష్కరణ.

మనుషుల్లో ఆ ఇంజెక్షన్‌తో నొప్పులు మొదలుకావు, మెదడు ఏర్పడని శిశువుల్లోనూ కొందరు సకాలంలోనే పుడతారు. అయినా కాన్పుకు పిలుపు శిశువు వైపు నుంచే వస్తుందన్న సూత్రం చెక్కుచెదరలేదు. మాయ విడుదల చేసే సీఆర్‌హెచ్ అనే హార్మోన్ పెరుగుదల గర్భకాలపు నిడివిని ముందే సూచిస్తుందని ఆస్ట్రేలియాలో రోజర్ స్మిత్ బృందం 1995లో చూపింది. మాయ చాలామటుకు శిశువు కణజాలమే కదా! ఎలుకల్లోనైతే పక్వమైన పిల్ల ఊపిరితిత్తుల నుంచి ఉమ్మనీటిలోకి చేరే ఒక ప్రొటీన్ కాన్పుకు సంకేతమని 2004లో కారొల్ మెండెల్సన్ బృందం ప్రతిపాదించింది. తన అవయవాలు పక్వమైన సంగతి శరీరానికి తెలిసి, దాన్ని తల్లికి తెలియజేయడాన్ని ఎరుక అనకపోతే మరేమనాలి?

నొప్పుల వేళ శిశువులో కెటకాలమైన్లనే ఒత్తిడి హార్మోన్లు ఉప్పొంగుతాయని స్వీడన్ వైద్యుడు హ్యూగో లాగర్‌క్రాంట్జ్ నిరూపించాడు. ఊపిరితిత్తుల్లోని ద్రవం ఇంకేది, పుట్టగానే బిడ్డ కళ్లు విప్పార్చి చూసేది ఆ ఉప్పెన వల్లే. నొప్పులు రాకముందే సిజేరియన్‌తో తీసిన బిడ్డల్లో అది బాగా తక్కువ. అంటే మెలర్ చెప్పిన నిద్ర నిజమే అనుకున్నా, దాన్ని వదిలించే పని నొప్పులది. నొప్పులకు పిలుపు బిడ్డది. తనను తాను మేల్కొలుపుకునే ప్రాణిని అచేతనమని ఎలా అంటాం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. తల్లికో బిడ్డకో ప్రమాదమైతే కోత తప్పదు, ఆలస్యమూ చేయకూడదు. పంచాంగం చూసి పెట్టిన ముహూర్తానికి, నొప్పులు రాకముందే కోయడం మాత్రం బిడ్డ ఇంకా ఇవ్వని మాటను మనం లాక్కోవడం. అలాంటి ముహూర్తాలకు ప్రసూతి వైద్యులు ఒప్పుకోవద్దని నా విన్నపం.