హరిత తేయాకు సారము: కాలేయరోగులకు దాని క్షేమము

కోసిన వెంటనే ఆవిరిపట్టి గాని, మూకుడులో వేచి గాని ఆరబెట్టిన తేయాకును వేడినీటిలో నానవైచి త్రాగుట చైనా, జపాను దేశములందు శతాబ్దులనాటి ఆచారము. ఆ యాకునందలి కాటెకిన్లను ద్రావకములతో వేరుపరచి, సాంద్రీకరించి, గుళికలుగా విక్రయించుట మాత్రము నిన్నమొన్నటిది. టోక్యోలోని రికెన్ పరిశోధనాలయమున ఉమెతారో సుజుకి యొద్ద పనిచేసిన మిచియో త్సుజిమురా 1929లో తేయాకునుండి కాటెకిన్‌ను వేరుపరచి, 1932లో జపానున వ్యవసాయశాస్త్ర డాక్టరు పట్టమందిన తొలి మహిళయైనది. కాటెకిన్లలో ప్రధానమైన ఈజీసీజీ, అనగా ఎపిగాల్లోకాటెకిన్ గాలేట్, తదనంతర కాలమున స్థౌల్యనివారణ వ్యాపారమునకు మూలధనమైనది.

ఆ వ్యాపారమునకు తొలి యెదురుదెబ్బ ఐరోపాలో తగిలినది. 1999 మొదలు ఫ్రాన్సు, స్పెయిను దేశములలో అమ్ముడైన ‘ఎక్సోలైజ్’ అను సారమును సేవించినవారిలో పదమువ్వురకు కాలేయము దెబ్బతిన్నట్లు నమోదు కాగా, 2003 ఏప్రిలులో దానిని విపణినుండి ఉపసంహరించిరి. అమెరికాలో 1994నాటి శాసనము ననుసరించి ఇట్టివి ఆహారానుబంధములుగా పరిగణింపబడి, ఔషధములకు విధించిన పరీక్షలు లేకయే అంగళ్లకు చేరుచుండెను. అక్కడి ఫార్మకోపియా సంస్థ 2008లో కాలేయము దెబ్బతిన్న 34 ఉదంతములను పరిశీలించినది. ‘ఆకే కదా, అపాయమేమి’ యను నమ్మకము ఇందరిని వంచించుట విచారకరము.

ఉదంతములకంటె బలమైన సాక్ష్యము మిన్నెసోటా పరీక్షవలన లభించినది. ఋతుక్రమము నిలిచిన వేయిమందికి పైగా స్త్రీలలో సగముమందికి దినమునకు 843 మి.గ్రా. ఈజీసీజీ గల సారమును ఒక సంవత్సర మిచ్చి చూడగా, సారము పుచ్చుకొన్నవారిలో నూటికి 5.1 మందికిని, ఉత్తుత్తి గుళికలు పుచ్చుకొన్నవారిలో 0.7 మందికిని మాత్రమే కాలేయ పరీక్షలు చెప్పుకోదగినంతగా వికటించినవని 2017లో వెల్లడియైనది. అయితే వీరందరు ఆరంభమున కాలేయము స్వస్థముగా నున్నవారే. ఆ యవయవమున దోషమున్నవారిని ముందుగనే మినహాయించిరి. ఇట్లు ఆరోగ్యవంతులకే హాని నిరూపితము కాగా, రోగుల విషయమున క్షేమమని చెప్పుటకు ఆ పరీక్ష ఆధారము కాజాలదు. పైగా సారమువలన కలుగు కామెర్లు, మూత్రము ముదురురంగు దాల్చుట పూర్వరోగ లక్షణములతో కలిసిపోవుటచే గుర్తింపు ఆలస్యము కావచ్చును.

పరగడుపున పుచ్చుకొన్న సారము రక్తమున మిక్కిలిగా చేరును. అందరికిని హాని కలుగకుండుటకు జన్యుభేదమొక కారణమని, హాని కలిగినవారిలో అధికులయందు హెచ్.ఎల్.ఏ.–బి*35:01 అను జన్యురూపమున్నదని 2021లో తేలినది. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2018లో దినమునకు 800 మి.గ్రా.కు తగ్గని ఈజీసీజీని అనుబంధముగా తీసికొన్నచో కాలేయ ఎంజైములు పెరుగునని తేల్చి, మామూలుగా కాచిన తేనీటిని సాధారణముగా క్షేమకరమేయని వేరుచేసి చెప్పినది. 2022లో ఐరోపా సమాఖ్య ఆ మోతాదును నిషేధించినది. కాలేయవ్యాధి గలవారు ఈ సారమును వాడరాదని సీసాలపై హెచ్చరిక ముద్రించుటను అమెరికా ఫార్మకోపియా 2020లో సూచించినది.