ఒంగోలు గిత్త చనిపోయాక ఏమయ్యేది? | మన జిల్లా తోలు కథ

ఒంగోలు గిత్త మీద వీడియోలకి లెక్కే లేదు. మూపురం, పందేలు, బ్రెజిల్ ప్రయాణం, అన్నీ వచ్చేశాయి. మరి ఆ ఎద్దు చనిపోయాక ఏమయ్యేది? ఈ రోజు ఆ కథ.

పచ్చి తోలు ఊరికే వదిలేస్తే కుళ్ళిపోతుంది. మాదిగలు దాన్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసేవాళ్ళు. తర్వాత లందలో, అంటే తోళ్ళు ఊరేసే తొట్టిలో, తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెట్టేవాళ్ళు. చెక్కలోని టానిన్ తోలులోని ప్రొటీన్‌ని పట్టేస్తుంది, ఇక కుళ్ళదు. పక్కా కెమిస్ట్రీ అండి! నా బీటెక్ ల్యాబ్‌లో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లండ్‌లో తంగేడు బదులు ఓక్ చెట్టు బెరడు వాడేవాళ్ళు. అక్కడ 1604లో ఒక చట్టం తెచ్చారు. దాని ప్రకారం చెప్పు అడుగు తోలు ఏడాది పాటు నానాల్సిందే. తోలు పదును చేసేవాడు చెప్పులు కుట్టకూడదు, కుట్టేవాడు పదును చేయకూడదు. మన దగ్గర? గొడ్డుని మోయడం, ఒలవడం, పదును చేయడం, చెప్పులు, మోట బానలు కుట్టడం, అన్నీ ఒకే ఇంటివాళ్ళు. కూలి డబ్బుల్లో కాదు, కళ్ళంలో గింజలు. మానేస్తానంటే ఊరు ఒప్పుకోదు.

ఇక్కడే ఎర్రగుంట్ల పేరయ్య వస్తాడు. కనిగిరి వైపు తాళ్ళకొండపాడు మనిషి, తోళ్ళ వ్యాపారి. తోళ్ళ బేరం మీద ఏలూరు దాకా వెళ్ళి, అక్కడ ఒక మిషనరీ మాటలు విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అంటే మన జిల్లాలో ఆ కథ దొర రాకముందే, తోళ్ళ బేరం దారిలో మొదలైందన్నమాట.

క్లౌ పెట్టిన నియమాల్లో రెండు చూడండి: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. వినడానికి చిన్నవే. కానీ ఊరి పెద్దలకి అది తిరుగుబాటులా కనిపించింది. ఆదివారం పిలిస్తే రారు, జాతరలో డప్పు కొట్టరు. గొడవలయ్యాయి. కళ్ళంలో గింజలే బతుకైన ఇంటికి ఇది ఎంత పెద్ద పందెమో ఆలోచించండి. అయినా కరువు తర్వాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే.

మీ ఊళ్ళో లంద ఉండేదని పెద్దవాళ్ళు చూపించే చోటు ఏదైనా ఉందా? ఉంటే ఊరి పేరు కామెంట్‌లో రాయండి, కెమెరా తీసుకుని నేనే వస్తా.