మంచుకొండ, ఇనుపదారి, గాజుపలక

సూరత్ నగరానికి జీవనాధారమైన తపతీ నది సాత్పురా కొండలలోని ముల్తాయి వద్ద పుట్టినది. దానికి వర్షమే ఆధారం. హిమానీనదాలతో సంబంధం లేదు. అయినను 1860వ దశకం సూరత్ రైలుమార్గాన్నీ, హిమాలయ ఛాయాచిత్రాలనూ ఒకే కాలపు సంతానంగా చరిత్రకు అందించింది.

1855లో ఏర్పడిన బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే తన నిర్మాణాన్ని బొంబాయి నుండి గాక సూరత్ పరిసరాల నుండి ఆరంభించింది. 1860లో తపతి ఉత్తర తీరాన గల ఉత్రాణ్ నుండి అంకలేశ్వర్ వరకు తొలి మార్గం తెరుచుకొన్నది. 1864లో అది బొంబాయికి చేరింది.

ఆ సంవత్సరాలలోనే శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1863, 1864, 1866లలో మూడు హిమాలయ యాత్రలు చేశాడు. గాజుపలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే చిత్రం తీసి, గుడారంలోనే సిద్ధపరచవలసిన రోజులవి. పలకలను, సీసాలను మోసిన కూలీల పేర్లు మనకు దక్కలేదు. 1866లో ఆయన గంగోత్రి హిమానీనద ముఖమైన గోముఖాన్ని చిత్రించాడు. సుమారు 18,600 అడుగుల ఎత్తున ఉన్న మణిరంగ్ కనుమనూ చిత్రించాడు.

ఆయన అన్వేషించినది సౌందర్యం. కాలం దానిని సాక్ష్యంగా మార్చింది. 1935 తరువాతనే గంగోత్రి హిమానీనదం ఒక కిలోమీటరుకు మించి వెనుకకు జరిగినది. నాటి గోముఖం ఎచ్చట ఉండెనో నేడు ఆ చిత్రం చూపగలదు.

ఇనుపదారికీ ఇదే నీతి వర్తిస్తుంది. సూరత్‌కు దక్షిణాన, డాంగ్ అడవుల టేకు తరలింపునకు బరోడా సంస్థానం వేయించిన బిలిమోరా–వఘయీ నారోగేజి మార్గం 63 కిలోమీటర్ల పొడవు గలది. దాని ఆవిరి ఇంజన్లు గతించాయి. 2020లో ఆగిన బండి, వారసత్వ మార్గంగా గుర్తింపు పొంది 2021లో తిరిగి నడిచింది.

తెలంగాణ నుండి సూరత్ మగ్గాలకు తరలివచ్చిన పద్మశాలీలకు తపతీ లోయ రైలుమార్గం బ్రతుకుదారి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నేటికీ వరంగల్లు మీదుగా ఆ లోయ గుండానే సూరత్ చేరుతుంది. ఆ ప్రయాణపు చిత్రాలు ఏ ఇంటి పెట్టెలో ఉన్నను, తేదీ, స్థలం, పేరు వ్రాసి భద్రపరచుట మన కర్తవ్యం. గోముఖపు చిత్రం బోధించునది ఇదే: నేటి జ్ఞాపికయే రేపటి ప్రమాణం.